నీళ్ళ డ్రమ్ము

టాంకరు డ్రైవరు భార్య ఆఫీసులోకి వస్తూనే తలుపు గడియ తనే వేసింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆమె పెదవి చిట్లి ఉంది.

"తారు డిపోవాళ్ళు మా ఇంటిమీద పడ్డారమ్మా. మా ఆయన్ని చితకబాది పోలీసులకు అప్పగించారు. రేపు కోర్టుకు తీసుకెళ్తారట. హంతకుడంటున్నారు."

అసిస్టెంటు మంచినీళ్ళ గ్లాసు అందించాడు. బీమా కంపెనీలో జుట్టంతా రాలగొట్టుకుని ఈ ఉద్యోగానికి వచ్చిన మనిషతను. ఎదురుగా కూర్చున్న డిటెక్టివ్‌ని పోలీసులు చాటుగా ‘కందిరీగ’ అంటారు. మొహాన అనే ధైర్యం ఎవరికీ లేదు. ఆవిడంటే అతనికి ఎంత గురి అంటే, ఆవిడ పెట్టే చివాట్లలో కూడా ఏదో ఆధారం ఉండే ఉంటుందని వెతుక్కుంటాడు.

"ఏడుపు తర్వాత. జరిగింది చెప్పు," అంది కందిరీగ.

జరిగింది ఇదీ. రిఫైనరీలో సలసల కాగే తారు నింపుకుని డ్రైవరు డిపోకు వచ్చాడు. అక్కడి ఖాళీ ట్యాంకులోకి పంపు పెట్టాడు. డిపో యజమాని నిచ్చెనెక్కి, ట్యాంకు మూత తీసి తొంగిచూశాడు. తారు పాలలా పొంగి ఆయన మీద పడింది. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. కాగే తారు కింద నీళ్ళుంటే అంతే. ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై తారును పైకి ఎగదన్నుతుంది. టాంకరు కడిగి, నీళ్ళు వంపకుండా వదిలేశాడని డ్రైవరు మీద నేరం మోపారు.

"యజమాని నీళ్ళు నీళ్ళు అని అరుస్తుంటే మా ఆయన డ్రమ్ము దగ్గరికి పరిగెత్తాడట. కాలినవాళ్ళ కోసం అక్కడెప్పుడూ ఒక డ్రమ్ము నీళ్ళుంటాయి. ఆరోజు అందులో చుక్క లేదట. ఎవరూ నమ్మడం లేదమ్మా."

"నేను నమ్మాలో లేదో చూశాక చెప్తా," అంది కందిరీగ. ముందు రిఫైనరీకి ఫోను చేసి కాసేపు మాట్లాడి, ఆ తర్వాతే చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

డిపోలో మర్యాదలు బాగానే జరిగాయి. గేటు దగ్గర కూలీలు దారి వదల్లేదు. తారు కాచే ముసలాయన, అందరూ బాయిలర్ తాత అనే మనిషి, కందిరీగ కాళ్ళముందే ఉమ్మేసి, "హంతకుడి పార్టీ దిగింది," అన్నాడు. యజమాని బావమరిదే అక్కడ మేనేజరు. అతను చేతులు కట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు.

"మిమ్మల్నెవరు పిలిచారు?"

"పిలిస్తే వచ్చేది పెళ్ళికి. ఆరోజు ఇక్కడ ఎవరెవరున్నారు?"

"పొద్దున్నే అందర్నీ రోడ్డు పనికి పంపేశాను. నేనొక్కణ్ణే ఉన్నాను. తర్వాత బావ వచ్చాడు, ఆ వెనకే టాంకరు. మా ట్యాంకు నేనే చూశాను. ఎండి ఉంది."

"డ్రమ్ము ఖాళీ అంటున్నాడు డ్రైవరు."

"ఖాళీ కాక? బావ కింద పడగానే డ్రమ్ము మొత్తం ఆయన మీద కుమ్మరించింది నేనే కదా! ఇక్కడంతా మడుగు కట్టింది. ఆ నీళ్ళమీద తారు ఇంకా పడుతూనే ఉంది. వాడు తీరిగ్గా వచ్చేసరికి అంతా అయిపోయింది."

"ఇంకెక్కడా నీళ్ళు లేవా?"

"తారు దగ్గర కుళాయి పెట్టుకుంటే కొంపలంటుకుంటాయండీ. ఆ డ్రమ్ము ఒక్కటే."

ట్యాంకు కింద సిమెంటు నేలమీద పొంగిన తారు పలకలా గట్టిపడింది. పోలీసులు చుట్టూ తాడు కట్టారు. అసిస్టెంటు వంగి చూస్తే అందులో తన బట్టతల స్పష్టంగా కనిపించింది. ఈ సాక్ష్యంతో ఎవరికీ పనిలేదని అతను నిట్టూర్చాడు. కందిరీగ మాత్రం అతని తలనీ తారునీ మార్చి మార్చి చూసింది. షెడ్డు వెనక వాడేసిన ఇంజనాయిలు పీపాలు వరసగా ఉన్నాయి. లారీలవి అన్నాడు మేనేజరు. డిపోలో ఉన్నవి రెండే లారీలు.

ఇంతలో యజమాని భార్య విసురుగా వచ్చింది. "నా మొగుణ్ణి చంపినవాడి తరఫున నా గుమ్మంలోకే వచ్చావా? మా తమ్ముడు లేకపోతే ఆయన శవం కూడా దక్కేది కాదు!"

"ప్రతిసారీ ట్యాంకు మూత ఆయనే తీసేవారా?"

"ఈమధ్యే. మా తారుతో వేసిన రోడ్డు పెచ్చులూడి పరువు పోయింది. అప్పట్నుంచి ఆయన ఎవర్నీ నమ్మలేదు. ప్రతి లోడూ తన కళ్ళతో చూస్తానన్నారు. ఇక పో ఇక్కణ్ణించి!"

మర్నాడు పొద్దున, డ్రైవర్ని కోర్టుకు తీసుకెళ్ళేముందు, అందర్నీ ట్యాంకు దగ్గర పోగు చేసింది కందిరీగ. బేడీలతో డ్రైవరు, అతని భార్య, అక్కాతమ్ముళ్ళు, బాయిలర్ తాత వచ్చారు. ఇన్‌స్పెక్టరు చిరాగ్గా గడియారం చూసుకుంటున్నాడు.

"టాంకరులో నీళ్ళుంటే, కాగే తారు నింపిన రిఫైనరీలోనే పొంగాలి. దారంతా బుద్ధిగా కూర్చుని ఇక్కడికొచ్చి పొంగదు. అక్కడ ఏమీ కాలేదని వాళ్ళే చెప్పారు. అంటే నీళ్ళున్నది ఈ ట్యాంకులో," అంది కందిరీగ. "తాతా, కాస్త తారు పట్రా."

తాత గొణుక్కుంటూ పొడుగు గరిటెతో కాగే తారు తెచ్చాడు. ఆమె పొడి సిమెంటుమీద కొంచెం పోయించింది. అది చప్పుడు లేకుండా పరుచుకుని నున్నగా ఆరింది. పక్కన నేల తడిపించి, మిగతాది దానిమీద పోయించింది. తారు బుస్సుమని లేచి, బుడగలు కక్కి, తేనెపట్టులా తూట్లు పడి గట్టిపడింది.

"ఇప్పుడు తాడు కట్టిన ఆ పలక చూడండి. అందులో చూసుకుని మా అసిస్టెంటు తల దువ్వుకోవచ్చు, దువ్వుకోడానికి ఏమైనా ఉంటే. ఆరోజు ఇక్కడ చుక్క నీరు పడలేదు. మేనేజరుగారు డ్రమ్ము కుమ్మరించలేదు. డ్రైవరు చెప్పినట్టు అది ముందే ఖాళీ. డిపోలో ఉన్న నీళ్ళన్నీ ఆ డ్రమ్ములోవే. అవెక్కడికి పోయాయి?"

కందిరీగ షెడ్డు వెనక పీపాల వైపు చెయ్యి చూపించింది.

"పొద్దున అందర్నీ పంపేసి ఒక్కణ్ణే ఉన్నానని ఆయనే చెప్పారు. మంచి తారు పక్కదారిన అమ్ముకుని, ఆ పీపాల్లోని పాత ఆయిలు కలిపి లోటు పూడ్చారు. రోడ్డు అందుకే ఊడింది. బావ కాపలా మొదలెట్టాడు. మూత తీసేది బావే అని తెలుసు. నీళ్ళు ట్యాంకులో పోశారు."

"అబద్ధం!" అని అరిచాడు మేనేజరు. "అక్కా, ఈవిడ డబ్బు తిని..."

అక్క అతని చొక్కా పట్టుకుంది. ఆమెకు ఇంకా కందిరీగ మీదే కోపం. తమ్ముడి నోట ఒక్క మాట వస్తే చాలు, అందరి నోళ్ళూ మూయించాలని ఉంది.

"చెప్పరా! ఆయన నీళ్ళని అరుస్తుంటే నువ్వక్కడే ఉన్నావుగా! ఎందుకు పొయ్యలేదురా?"

"ఎక్కణ్ణించి పొయ్యనక్కా!" అన్నాడతను ఏడుపు గొంతుతో. "డ్రమ్ములో చుక్క లేదు!"

అన్న తర్వాత తెలిసింది తనేమన్నాడో. అక్క చెయ్యి చొక్కా మీంచి జారిపోయింది. ఇన్‌స్పెక్టరు మారు మాట్లాడకుండా డ్రైవరు బేడీలు విప్పాడు.

డ్రైవరు భార్య ముందుకొచ్చి, చిట్లిన పెదవితోనే యజమాని భార్యను నిలదీసింది. "మీవాళ్ళు కొడుతున్నంతసేపూ నా మొగుడు చెప్పిందీ ఆ మాటేనమ్మా."