సీటు కింద బొంత

వ్యాన్ హూరాలోని హోటల్ ముందు ఆగింది. గురువారం, స్కూలుకు సెలవు. ఇంకా మధ్యాహ్నం కాలేదు. ఎండకు రోడ్డు చివర సముద్రం తెల్లగా మెరుస్తోంది. పదేళ్ల రిదా ఒళ్లో ఒక సంచి ఉంది. సంచిలో సగం కుట్టిన బొంత ఉంది.

వచ్చే నెలలో రిదాకు తమ్ముడో చెల్లెలో పుడతారు. పుట్టిన బిడ్డను మొదట పెద్దవాళ్లు కట్టి విడిచిన మెత్తటి బట్టల్లోనే చుట్టాలని వాళ్లింట్లో పట్టింపు. అందుకే సముద్రం అవతల, కోరుట్లలో ఉన్న అమ్మమ్మ, నానీ, తన పాత ఆకుపచ్చ చీర పంపింది. అబ్బా తన డ్రైవర్ డ్యూటీ ఖాకీ చొక్కా ఇచ్చాడు. అమ్మీ వాటిని ముక్కలు చేసి, నాలుగు పొరలు వేసి చేత్తో కుడుతోంది. గుచ్చీ గుచ్చీ ఆమె బొటనవేలు వాచిపోయింది. ఇలాగైతే బొంత కంటే బిడ్డే ముందు వచ్చేలా ఉంది. ఆ హోటల్లో బొంతల ప్రదర్శన, క్విల్ట్ షో, జరుగుతోందనీ, అక్కడ కుట్టుమిషన్లు కూడా అమ్ముతారనీ తెలిసి బయల్దేరారు.

అప్పుడే పక్క కారులోంచి ఉమైమా దిగింది. రిదా క్లాసే. వాళ్ల అమ్మ కుట్టిన సిల్కు బొంతను కూడా షోలో పెట్టారని నిన్న స్కూల్లో అందరికీ చెప్పింది.

రిదా తన సంచిలోకి చూసుకుంది. ఖాకీ ముక్క మీద నల్లటి ఆయిల్ మరక. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. రిదా చప్పుడు కాకుండా సంచిని సీటు కిందికి నెట్టేసింది. వాళ్లు దిగగానే అబ్బా వ్యాన్ తీసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

హాల్లో చల్లగా ఉంది. పైనుంచి కింది దాకా అన్నీ బొంతలే. ఏసీ గాలికి ఒక నీలం బొంత అలలా కదిలింది. దాని పక్కన నిలబడితే రిదాకు సముద్రం అడుగున నడుస్తున్నట్టు అనిపించింది. మాటలు కూడా ఎక్కడో నీళ్ల పైనుంచి వినిపిస్తున్నాయి.

మిషన్ల దగ్గర ఉన్నాయన పేరు అచ్చిబాబు. కాకినాడ వైపు మనిషి. అమ్మీ తెలుగు విని కుర్చీ వేశాడు.

“ఏం కుడతారమ్మా దీంతో?”

“బొంత, అన్నా.”

“అయితే ఆ బొంతే సూది కింద పెట్టి చూడాలండి. తెచ్చారా?”

అమ్మీ రిదా వైపు తిరిగింది. “సంచేది బిడ్డా?”

“వ్యాన్ల మర్చిపోయిన.” రిదా చెవులు వేడెక్కాయి.

అచ్చిబాబు రెండు కొత్త గుడ్డముక్కలు ఇచ్చాడు. చిన్న తెల్ల మిషన్ వాటి మీద నీళ్లలో చేపలా జారిపోయింది. అమ్మీకి అది నచ్చింది, కొనేసింది. కుదరకపోతే రేపు సాయంత్రంలోగా తెమ్మనీ, మార్చి ఇస్తాననీ, షో అయిపోతే మాత్రం తన చేతిలో ఉండదనీ అచ్చిబాబు చెప్పాడు.

సాయంత్రం అబ్బా వ్యాన్‌లోంచి సంచి తెచ్చాక, రిఫాలోని ఇంట్లో అమ్మీ బొంతను సూది కింద పెట్టింది. నాలుగు పొరల మందానికి టక్ మని సూది విరిగింది. రెండోదీ విరిగింది. మూడోది వంగిపోయింది.

అమ్మీ విరిగిన ముక్కలు ఏరింది. మిషన్ మీద గుడ్డ కప్పి, వేలికి పట్టీ చుట్టుకుని, మళ్లీ చేతి సూది తీసుకుంది. “చిన్నపిల్లవు, మర్చిపోతవు. ఏమైతది,” అంది.

రిదా బొంత రెండో కొస కింద తల దూర్చి పడుకుంది. కిటికీలోంచి పొద్దు వాలుతున్న వెలుతురు గుడ్డలోంచి దిగుతోంది. లోపలంతా ఒక దేశంలా ఉంది. నానీ చీర పచ్చటి మొక్కజొన్న చేను. అమ్మీ పాత దుపట్టా మబ్బు. ఖాకీ ముక్క పొడవాటి రోడ్డు. దాని మీది ఆయిల్ మరక చిన్న చెరువు. అబ్బా వ్యాన్ ఆ చెరువు దగ్గర ఆగి నీళ్లు తాగుతుంది. పుట్టబోయే బిడ్డ ఆ రోడ్డు మీదే వస్తుంది.

చెరువు పక్కన సూది మొన పైకి వచ్చింది. ఆగింది. కొంచెం వచ్చి మళ్లీ ఆగింది. ఆగిన ప్రతిసారీ పైన అమ్మీ ఊపిరి బిగబట్టడం వినిపించింది.

“అమ్మీ, నేను మర్చిపోలే,” అంది రిదా గుడ్డ కిందినుంచే. “సీటు కింద దాచిన. ఉమైమా చూస్తదని.”

సూది ఆగిపోయింది.

“మరి రేపు అందరి ముందు తెస్తవా?” అని అడిగింది అమ్మీ.

మర్నాడు శుక్రవారం, జుమ్మా నమాజు అయ్యాక అబ్బా వాళ్లను హోటల్ దగ్గర దించి, మిషన్ మోసుకుంటూ వెనకే వచ్చాడు. రిదా సంచి తీసుకోలేదు. బొంతను రెండు చేతులా ఎత్తుకుని, ఒక కొస భుజం మీద వేసుకుని, నీలం బొంత పక్కనుంచి నడిచింది.

అచ్చిబాబు ఈసారి బూడిదరంగు మిషన్ ముందుకు లాగాడు. బరువైనది. అమ్మీ చెయ్యి చాచేలోపే రిదా బొంత పరిచింది. నానీ చీర అంచు చేతికి దగ్గరగానే ఉంది. కానీ రిదా బొంతను తిప్పి, ఖాకీ ముక్కను సూది కిందికి జరిపింది.

“ఇదే అన్నిట్లకంటే మందం ఉంటది అంకుల్. మా అబ్బాది.”

ఎప్పుడు వచ్చిందో, ఉమైమా పక్కనే నిలబడి వంగి చూస్తోంది. “ఆ మరకేంది?”

“వ్యాన్ ఆయిల్,” అంది రిదా. ఆ మరక మీద ముడత లేకుండా అరచేత్తో సాఫు చేసింది. “దీని మీదికెల్లే కుట్టాలె.”

సూది చెరువులోకి దిగింది. ఆగకుండా అవతలి ఒడ్డుకు చేరింది.