ఏడు రోజుల నీళ్ళు

ఉద్దనపల్లిలో శ్రీరామప్పను పెద్దమనిషి అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ మాట ఎవరి నోట విన్నా మునిరాజు పక్కకు తిరిగి ఉమ్మేవాడు. వరసకు మామ. పక్క పొలం వాడు. మునిరాజు వాళ్ళ నాయన పోయి దినాలు కూడా కాకముందే రెండు పొలాల మధ్య హద్దు రాయి పీకించి, గట్టు ఇవతలికి జరిపి, టమాటా నాటేశాడు. అడిగితే, "హద్దు రాయి యాడుండాది? చూపించప్పా" అన్నాడు.

చూపించడానికి రాయి లేదు. మునిరాజు అర్జీ పట్టుకుని తాలూకా ఆఫీసు చుట్టూ మూడేళ్ళు తిరిగాడు. ఏడో తరగతితో బడి మానేసి తండ్రి వెనక ఉలి పట్టినవాడు, కాగితాలతో ఎంతని కొట్లాడతాడు?

అలాంటి మామ కూతురి అంగడికే రాళ్ళు తీసుకుపోతున్నానని ఆ రోజు అతనికి తెలియదు. చేపల తొట్టెలకు నల్లరాళ్ళు కావాలని హోసూరు నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. సరేనని మోపెడ్ మీద రెండు గోతాలు కట్టుకుని బాగలూరు రోడ్డుకు పోయాడు.

అంగడి నిండా గాజు తొట్టెలు, నీలం లైట్లు. బల్ల వెనక మామ కూతురు నేత్ర. ఏడో తరగతి దాకా ఒకే బడి. తరవాత చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకోవడానికి హోసూరు వచ్చేసింది. పన్నెండేళ్ళయినా ఆ చూపు మారలేదు. ఎదుటివాడి తప్పు కనిపెట్టేదాకా కదలని చూపు.

మునిరాజు గోతం విప్పాడు. రాళ్ళు తళతళా మెరిశాయి.

"ఏమప్పా మునిరాజు, రాళ్ళకు తలంటు పోసినావా? నూనె కారతా ఉండాది."

"మంచి కొబ్బరి నూనె. నల్లరాయికి నూనె పుయ్యకుంటే కొనేవాడు కన్నెత్తి చూస్తాడా?"

రోలైనా, విగ్రహమైనా అమ్మకానికి పెట్టేముందు నూనె గుడ్డతో తుడవడం ఆ ఇంటి పద్ధతి. తాత నుంచి వచ్చింది.

"కొనేది మనుషులు. బతకాల్సింది చేపలు. ఈ నూనె నీళ్ళ మీద పొర కడితే వాటికి ఊపిరి ఆడదు."

"సోపు పెట్టి కడిగేస్తా."

"సోపు ఇంకా మోసం. రాతి సందుల్లో దాక్కోని మెల్లగా చంపుతాది."

"అయితే ఉడకబెట్టుకో."

"లోపల తేమ ఉంటే పగిలి మొహాన పడతాది. రాళ్ళు కొట్టేవాడికి అది కూడా నేను చెప్పాల్నా?"

మునిరాజుకు మండింది. "మీ నాయన రాళ్ళు మాయం చేస్తాడు. నువ్వు రాళ్ళకు వంకలు పెడతావు. బాగుండాది మీ వంశం."

నేత్ర తల దించలేదు. "మా నాయన సంగతి మా నాయనతో తేల్చుకో. నూనె తగలని రాళ్ళు తీసుకొని రా. నా కళ్ళ ముందరే కడగాల."

"రాకుంటే?"

"భయపడినావు అనుకుంటా."

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. పొలం పక్క వంకలో మట్టి కొట్టుకుని పడి ఉన్న రాళ్ళు ఏరి తెచ్చాడు. ఆమె ఒక గట్టి బ్రష్, రెండు బకెట్లు ఇచ్చింది. ఉత్త నీళ్ళు. సందు సందునా రుద్దాలి. రుద్దిన ప్రతి రాయి మీదా ఆమె రెండు చుక్కలు వినిగర్ వేసి, వంగి చూసేది.

"రాయికి తీర్థం పోస్తా ఉండావా?"

"సున్నం ఉంటే నురగ వస్తాది. ఆ రాయి పడితే నీళ్ళ గుణమే మారిపోతాది. నా చేపలు తట్టుకోవు."

నురగ రాని వాటిని మళ్ళీ కడిగి బకెట్లో నానబెట్టింది. "రోజుకు కొన్ని కడుగు. ఏడు రోజులు నానాల. నువ్వే వచ్చి నీళ్ళు మార్చల్ల."

"ఉద్దనపల్లి నుంచి రోజూ వచ్చేకి నాకేం పని లేదా?"

"ఉంటే మానుకో."

మానుకోలేదు. నీళ్ళు పారబోయడం, పట్టడం, మాటకు మాట. మూడో రోజు ఆమె టీ తెప్పించింది. "చక్కెర తక్కువైంది" అన్నాడు. "నోరు తీపి చేసుకొని రావల్ల" అంది.

నాలుగో రోజు వాన. మోపెడ్ తడుస్తోంది. ఇద్దరూ అంగడి రేకు కింద నిలబడ్డారు. ఆమె జడ మీద ఒక చినుకు జారుతూ ఆగుతూ కిందికి దిగుతోంది. మునిరాజు రోడ్డు చూస్తున్నట్టు నటించాడు.

"ఒక మాట చెప్తా, కోప్పడకూడదు" అంది నేత్ర. "నీళ్ళు రోజూ మార్చే పని లేదు. రెండు మూడు సార్లు చాలు."

"మరి నన్నెందుకు తిప్పినావు?"

"వస్తావా రావా చూద్దామని."

వాన వైపు మొహం తిప్పుకున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. మర్నాడు చెప్పిన వేళకంటే గంట ముందే వచ్చాడు.

ఏడో రోజు గోతంలో ఒకే రాయి మిగిలింది. కొబ్బరికాయంత ఉంది. వినిగర్ చుక్క పడగానే బుసబుసా నురగ లేచింది.

"సున్నపు రాయి. పక్కన పెట్టు."

"కాదు. ఇది నల్లరాయే." మునిరాజు రాయిని వెలుగుకు తిప్పాడు. "సున్నం రాయిలో లేదు. పైన పూసినారు."

బ్రష్ తీసుకుని రుద్దాడు. మట్టి పోయింది, పాత సున్నం పోయింది. అడుగున ఉలి గీతలు తేలాయి. రెండు అడ్డగీతలు, కింద ఒక చుక్క. వాళ్ళ నాయన చేతి గుర్తు. రాయి కింది భాగం సమ్మెట దెబ్బకు విరిగి ఉంది.

ఆ గీతల మీద బొటనవేలు నడిపించాడు.

"హద్దు రాయి కదా? సున్నం కొట్టేది దానికే" అంది నేత్ర మెల్లగా. "మా నాయనే పగలగొట్టి వంకలో పారేసినాడు. తీసుకొని ఆఫీసుకు పో. నా ఎదురుగానే తేలిందని నేను సాక్షి చెప్తా."

"మీ నాయన మీదనా?"

"మా నాయన మీదనే."

ఆఫీసుకన్నా ముందు ఆయనకే చూపించాలని ఆమే ఫోన్ చేసి తండ్రిని పిలిపించింది. శ్రీరామప్ప వచ్చి, బల్ల మీద తడి రాయి చూసి, కాదని అనలేదు. కూతురి చేతిలో బ్రష్‌నూ మునిరాజునూ మార్చి మార్చి చూశాడు.

"వారం నుంచి నీ మోపెడ్ ఈడే నిలబడి ఉండాదని ఊరంతా చెప్తా ఉండారు. సరే, తెగ్గొట్టి చెప్తా విను. రేపే గట్టు వెనక్కి జరిపిస్తా. నీ భూమి నువ్వు తీసుకో. నా కూతురి అంగడి మెట్టు మాత్రం ఎక్కొద్దు. ఏడో తరగతి వాడికి నా బిడ్డను ఇయ్యను."

మూడేళ్ళుగా అడిగిన భూమి చేతికి అందుతోంది. మునిరాజు నేత్ర వైపు చూశాడు. ఆమె తీసుకోమనలేదు, వద్దనలేదు. బ్రష్ మాత్రం గట్టిగా పట్టుకుని నిలబడింది.

"గట్టు ఆడనే ఉండనీ మామా" అన్నాడు. "టమాటా బాగా కాస్తాది. నువ్వే దున్నుకో. నేను రేపు కూడా ఈ మెట్టు ఎక్కుతా."

శ్రీరామప్ప మొహం నల్లబడింది. "అయితే ఆ రాయి ఇటియ్యి."

నేత్ర అడ్డం వచ్చింది. రాయి మీద మళ్ళీ రెండు చుక్కలు వేసి చూసింది. ఈసారి నురగ రాలేదు. ఎత్తి బకెట్లో నానబెట్టింది.

"అర్జీ వాపసు తీసుకుంటాడు నాయనా. రాయి మాత్రం ఈడనే ఉంటాది. నువ్వు ఎప్పుడొచ్చినా చూడాల."

నెల తిరక్కముందే కృష్ణగిరిలో పెళ్ళి చేసుకున్నారు. శ్రీరామప్ప రాలేదు. అంగడిలో అడుగు పెట్టగానే కనిపించే పెద్ద తొట్టెలో, ఉలి గుర్తు రోడ్డు వైపు తిరిగి ఉండేలా నేత్ర ఆ రాయిని నిలబెట్టింది. చేపలు దాని చుట్టూ తిరుగుతుంటాయి.

మునిరాజు భూమి అంటారా, ఇంకా మామ దున్నుతూనే ఉన్నాడు. రాయకోట రోడ్డు వైపు, బోరు పక్కన, పదకొండున్నర సెంట్లు.