ఎలీసమ్మ సాక్ష్యం

ఆదివారం పొద్దున్నే జక్రయ్య ఇస్త్రీ చొక్కాకి పతకం తగిలించుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగాడు. ముప్పై ఏళ్ల కిందట, యుద్ధంలో ఉన్న ఓ ఆఫ్రికా దేశంలో ఆరేళ్లు మగనర్సుగా చేశాడాయన. అంతర్జాతీయ సంఘీభావానికి గుర్తుగా ఆ దేశ ప్రభుత్వం పోయిన నెల ఢిల్లీలోని తమ ఎంబసీకి పిలిచి ఇచ్చిన పతకం అది. ఇవాళ చర్చిలో కృతజ్ఞత కూడిక. భార్య ఎలీసమ్మ సాక్ష్యం చెప్పాలి. ఏం చెప్పాలో కూడా ఆయనే కాగితం మీద రాసిపెట్టాడు, మహానుభావుడు!

ఎలీసమ్మ కూడబలుక్కుని చదివింది. "'నా భర్తను నేనే సంతోషంగా సాగనంపాను.' ఏవయ్యా, ఎప్పుడు సాగనంపాను? నేను మిరపకోత నుంచి వచ్చేసరికి నువ్వు బస్సెక్కేశావు."

"ఇప్పుడవన్నీ ఎందుకే? నలుగురిలో బాగుండొద్దూ?"

"నలుగురిలో బాగుండటానికి దేవుడి ముందు అబద్ధమాడమంటావా?"

"ఒక్క ముక్కేగా అమ్మా," అంది కూతురు ఫెబా, ఇడ్లీల పళ్లెం అందిస్తూ.

"నీకేం తెలుసే, నువ్వప్పుడు కడుపులో ఉన్నావు. మీ అన్న ఎలీషాకి నాలుగేళ్లు. జ్వరం ముదిరి, గుంటూరు తీసుకెళ్లేలోపే నా ఒళ్లోనే పోయాడు. మీ నాన్నకి ఉత్తరం రాయిస్తే రెండు నెలలకి జవాబొచ్చింది, ఇక్కడ రోజూ పిల్లలు పోతున్నారు, రాలేనని!"

జక్రయ్య గొంతు పెంచాడు. "అది అబద్ధమా? రోజుకు ముప్పై మంది పసివాళ్లకి ఈ చేతులతోనే సెలైన్ పెట్టాను!"

"కాదన్నానా? వాళ్లు బతికారు, సంతోషం. నా కడుపుకోతని మాత్రం నీ గొప్పలో కలపకు."

చర్చిలో పాస్టరుగారు పిలవగానే ఎలీసమ్మ లేచింది. కాగితం మడత కూడా విప్పలేదు.

"ఈయన్ని నేను పంపలేదండీ. ఆయనే వెళ్లాడు. అక్కడ బతికిన బిడ్డల కోసం దేవుడికి స్తోత్రం. నా బిడ్డ విషయంలో స్తోత్రం చెప్పడం నాకింకా చేతకాలేదు. ప్రభువే క్షమించాలి," అని కూర్చుంది.

ఒక్కరూ ఆమెన్ అనలేదు.

బయట అందరూ ఫొటోలకి జక్రయ్యని పిలుస్తున్నారు. ఆయన అటు పోకుండా ఎలీసమ్మ దగ్గరికొచ్చాడు. "ఎలీసా... వాణ్ని ఎక్కడ పెట్టారు?"

ఎలీసమ్మ నివ్వెరపోయింది. ఏటా ఈస్టరుకి పూలు, కొవ్వొత్తులు పట్టుకుని ఎలీషా ఉన్న సమాధుల తోటకి ఆమే వెళ్లేది. ఆయన పాటలవాళ్లతో చర్చిలోనే ఉండిపోయేవాడు. తిరిగొచ్చిన ఇన్నేళ్లలో ఒక్కసారంటే ఒక్కసారి ఆ మాట అడగలేదు, పెద్దమనిషి.

కడిగిపారేద్దామని నోరు తెరిచింది. ఏడుపు తన్నుకొచ్చింది.

"రాయి కూడా లేదయ్యా. నువ్వొక్కడివే వెళ్తే కనుక్కోలేవు. పద."