ఉయ్యాలలో ఉల్లిపాయలు

ప్రూయిట్ వారింట్లో పొద్దున్నే కాఫీ కంటే ముందు మోకాలి గొడవ మొదలయ్యేది. ముసలాయన ఏమోస్ కుర్చీలో కూర్చోబోతూ "అబ్బా, మోకాలు" అనేవాడు. పొయ్యి దగ్గర్నుంచే ఆయన భార్య లవీనియా అరచెయ్యి గాలిలో అడ్డంగా ఒక్కసారి కదిలేది, పలక మీద తప్పు అక్షరాన్ని తుడిచినట్టు. ఆ ఇంట్లో అది చట్టం. చెడ్డమాట నోరు జారితే వెంటనే తుడిచెయ్యాలి. లేకపోతే అది మొలకెత్తి నిజమై కూర్చుంటుందని లవీనియా నమ్మకం.

"నేనేమన్నానే ఇప్పుడు?" అన్నాడు ఏమోస్ ఆ బుధవారం కూడా. "నా మోకాలు దివ్యంగా ఉంది. వంగదు, అంతే."

"అదీ అనకండి."

"సరే. వంగాలని దానికి లేదు."

కోడలు హుల్డా నవ్వాపుకుంటూ ఓట్స్ జావ కలుపుతోంది. ఆ పిల్ల మిస్సోరీ నది ఒడ్డున జర్మను రైతుల ఊళ్లో, లూథరన్ కుటుంబంలో పెరిగింది. వాళ్ల పాస్టరు గారికి యోనాను మింగిన చేపంటే చేపే. ఈ ఇంటికొచ్చాక తెలిసింది, అది చేప కాదట, చెయ్యాల్సిన పనికి భయపడి మనసు దూరి దాక్కునే చీకటట. ఐగుప్తు ఒక దేశం కాదట, ఒళ్లు ఎటు లాగితే అటు పోయే బతుకట. యేసు పన్నెండుమంది శిష్యులూ మనిషిలో ఉన్న పన్నెండు శక్తులు, అందులో పేతురు నమ్మకం. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయిన ఆ రోజుల్లో కాన్సస్ సిటీలో ఇలా బైబిలు విప్పి చెప్పే తరగతులు వీధికొకటి ఉండేవి. మా వీధికి లవీనియాదే.

మాలాంటి పక్కింటివాళ్లం చాటుగా నవ్వుకున్నామేమో గాని హుల్డా నవ్వలేదు. ఆ పిల్లకి ప్రతిదీ ఎందుకని అడగడం పుట్టుకతో వచ్చిన జబ్బు. కొత్తకాపురంలో పుట్టిల్లు గుర్తొచ్చి ఏడుస్తుంటే అత్తగారు పక్కన కూర్చుని నోవహు ఓడ గురించి చెప్పింది. "ఆ ఓడ నీలోనే ఉందమ్మాయ్. దానికి కిటికీ ఒక్కటే, అదీ పైకి. చుట్టూ నీళ్లున్నాయని తెలుసు, అయినా చూపు పైకే." ఆ మాట హుల్డాని నిజంగానే ఒడ్డున పడేసింది. అందుకే ఆమెకి అత్తగారంటే కోపం తెచ్చుకోవడం కూడా కష్టంగా ఉండేది.

అన్ని పాఠాల్లోకీ గట్టిది మండే పొద పాఠం. దేవుడు ఆ పొదలోంచి మోషేకి తన పేరు "నేను ఉన్నవాడను" అని చెప్పాడు కదా, కాబట్టి నేను అనే మాట పరిశుద్ధమైనది, దాని పక్కన ఏది నిలబెడితే మనిషి అదే అవుతాడు అనేది లవీనియా. అందుకని ఆ ఇంట్లో నేను అలసిపోయాను అని ఎవరూ అనరు. నేను దిగులుగా ఉన్నాను అని అసలే అనరు.

ఆ వసంతంలో తరగతి ఎలీషా ప్రవక్త కథకి వచ్చింది. ముగ్గురు రాజులు సైన్యాలతో ఎడారిలో చిక్కి దాహంతో అల్లాడుతుంటే, ఈ లోయ నిండా కందకాలు తవ్వండి అన్నాడు ఎలీషా. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా తవ్వారు, తెల్లారేసరికి అవి నిండాయి. "చూశారా," అంది లవీనియా తరగతిలో, "కోరింది ఇంకా రాకముందే వచ్చేసినట్టు చోటు సిద్ధం చెయ్యాలి. తవ్వినవాడికే నీళ్లు." ఆ మర్నాడే ఏమోస్ చేత అటక మీంచి చెక్క ఉయ్యాల దింపించి, కొడుకూ కోడలూ పడుకునే గదిలో పెట్టించింది. పెళ్లయి నాలుగేళ్లయినా వాళ్లకి పిల్లల్లేరు.

తరగతి ఆడవాళ్లు ఒక్కొక్కరే బుల్లి మేజోళ్లు, ఉన్ని టోపీలు అల్లి తెచ్చి అందులో పెట్టసాగారు. హుల్డా అందరికీ థాంక్స్ చెప్పేది. ఆమె కడుపులో ఉన్న మాట మొగుడు వెండెల్‌కి ఒక్కడికే తెలుసు. కిందటి శరత్కాలంలో ఆసుపత్రి నుంచి ట్రాములో వస్తూ చెప్పింది, ఇక పిల్లలు పుట్టరన్నాడు డాక్టరని. వెండెల్ మంచివాడు, ధాన్యం కంపెనీలో గుమాస్తా, గట్టిగా మాట్లాడి ఎరగడు. ఆ మాట వినగానే అతని అరచెయ్యి ప్యాంటు మోకాలి మీద అడ్డంగా ఒక్కసారి తుడిచింది.

"అమ్మకి చెప్పకు," అన్నాడు తర్వాత. "మనమే ఆ తలపు పెట్టుకుని తెచ్చుకున్నాం అంటుంది."

ఆ చెయ్యి తుడవడం హుల్డాకి డాక్టరు మాట కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. అప్పట్నుంచీ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

మోకాలి గొడవ జరిగిన ఆ బుధవారం పొద్దున్న, అందరి పలహారాలూ అయ్యాక హుల్డా నేలమాళిగలోకి దిగింది. ఉల్లిపాయల బస్తా చెమ్మకి మెత్తబడుతోంది. ఎండబెడదామంటే బయట ముసురు. పైకి తెచ్చింది, గది కిటికీ దగ్గర ఉయ్యాల కనబడింది. టోపీలూ మేజోళ్లూ తీసి మంచం మీద పెట్టి, ఉల్లిపాయలన్నీ ఉయ్యాలలో పరిచింది. అందులో ఉల్లిపాయల మీద జాలి ఎంత, కడుపుమంట ఎంత అంటే ఆమె కూడా చెప్పలేకపోయేది.

మధ్యాహ్నం తరగతి నిండుగా ఉంది. పాఠం అయ్యాక లవీనియా ముఖం వెలిగిపోతూ "రండి, మా కందకం చూద్దురుగాని" అని అందరినీ మేడమీదికి తీసుకెళ్లింది. తలుపు తీసింది. ముందు వాసన వచ్చింది, తర్వాత ఉల్లిపాయలు కనబడ్డాయి.

డాబ్స్ గారి భార్య గొంతు సవరించుకుంది. తరగతిలో లవీనియా తర్వాత ఆవిడదే పెద్దరికం. "ఇంట్లో ఎవరో సందేహం పట్టుక్కూర్చున్నారు లవీనియా. ఒకరు తవ్వుతుంటే ఇంకొకరు పూడుస్తున్నారు. ఇంకెలా నిండుతుంది?" అంది, ఎంతో మెత్తగా.

హుల్డా తలుపు దగ్గరే నిలబడి ఉంది. "పూడ్చింది నేనేనండి. పొద్దున్నే, బస్తాడు ఉల్లిపాయలతో."

"అమ్మాయ్," అంది లవీనియా హెచ్చరికగా.

"ఒక్కటి అడుగుతానత్తయ్యా, కోప్పడకండి. ఆ రాజులకి దాహంగా ఉంది, అందుకని తవ్వారు. ఈ ఇంట్లో దాహం ఎవరిది? నన్నెవరూ అడగలేదే."

"అదేం ప్రశ్న? నీకు బిడ్డ కావాలనేగా ఇదంతా."

"నాకు పుట్టరత్తయ్యా. డాక్టరు చెప్పి ఆర్నెల్లు దాటింది. నేను గొడ్రాలిని."

నేను అన్న మాట పక్కన ఆ మాట. గదిలో ఉన్న ఆడవాళ్ల చేతులన్నీ ఒక్కసారి లేచి గాలిలో అడ్డంగా కదిలాయి. వాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. ఆ పిల్ల మీద పడబోయే దెబ్బని ఆపుతున్నామనే వాళ్లనుకున్నారు. హుల్డాకి మాత్రం తననే అక్కణ్ణుంచి తుడిచేస్తున్నట్టనిపించింది.

"తుడవండి," అంది. "నేను ఇంకా ఇక్కడే ఉన్నాను."

అందరూ గొడుగులు వెతుక్కుని వెళ్లిపోయారు. లవీనియా కిందికి దిగిపోయింది. హుల్డా తలుపేసుకుని మంచం కింది పెట్టె లాగింది. సాయంత్రం బండికి పుట్టింటికి వెళ్లిపోవాలనే నిశ్చయించుకుంది. రెండు గౌన్లు సర్దింది. కాని ఇల్లు వదిలి పోయేటప్పుడు ఉల్లిపాయలు అలా వదిలేసి పోవడం రైతుబిడ్డకి మనసొప్పలేదు. వాటిని బస్తాలోకి ఎత్తుతూ ఉయ్యాల అడుగు దాకా వచ్చింది.

చెక్క కొత్తదానిలా ఉంది. ఎక్కడా పాలమరక లేదు, అంచు మీద పంటిగాటు లేదు. నేల మీద ఊగే ఆ వంపు చెక్కలు కూడా అరగలేదు. ఇది వెండెల్ ఉయ్యాలే కదా అనుకుంది. అనుకోగానే ఏమోస్ ఎప్పుడూ చెప్పే వేళాకోళం గుర్తొచ్చింది. వెండెల్‌ని చిన్నప్పుడు బీరువా సొరుగులో పడుకోబెట్టేవారట, వాడు మేజోళ్లతో పాటు పెరిగాడు అని మామగారు నవ్వేవాడు. అత్తగారు ఆ మాటకి ఒక్కసారీ నవ్వలేదు. ఉయ్యాల ఉన్న ఇంట్లో పిల్లాణ్ణి సొరుగులో ఎందుకు పడుకోబెట్టారు?

పెట్టె తెరిచి ఉండగానే హుల్డా కిందికి దిగింది. కోపం పోలేదు గాని, తెలుసుకోకుండా బండెక్కితే ఆమెకి దారంతా నిద్ర పట్టదు.

లవీనియా వంటింట్లో కడిగిన కప్పులే మళ్లీ తుడుస్తోంది.

"అత్తయ్యా, ఆ ఉయ్యాల ఎవరిది?"

"వెండెల్‌ది. ఇంకెవరిదవుతుంది?"

"వెండెల్ సొరుగులో పడుకున్నాడుగా."

కప్పు తుడిచే చెయ్యి ఆగింది. "మీ మామయ్యకి నోట్లో నువ్వుగింజ నానదు," అంది లవీనియా, కాని గొంతులో చీవాట్ల పస లేదు.

"ఎవరిది?"

"వాడి కంటే ముందొక ఆడపిల్ల. మీ మామయ్య ఆ ఉయ్యాల చలికాలమంతా కూర్చుని చెక్కాడు. పిల్ల అందులో వారం కూడా పడుకోలేదు." లవీనియా కప్పు కింద పెట్టింది. "అప్పుడే నేను ఈ చదువులో కొత్తగా చేరాను. పాఠం చెప్పేవిడ వచ్చి, చావు లేదు లవీనియా, దాన్ని చూడకు, దాని పేరెత్తకు, జీవాన్నే తలుచుకో అంది. శ్మశానానికి నన్ను వెళ్లనివ్వలేదు. మీ మామయ్య ఒక్కడూ వెళ్లొచ్చాడు."

"ఎంత అన్యాయం."

"ఆవిణ్ణేమీ అనకు. ఆ మాట పట్టుకునే లేచి పొయ్యి వెలిగించుకున్నాను. లేకపోతే ఆ మంచం మీదే పోయేదాన్ని. దిగులు వచ్చినప్పుడల్లా తుడిచాను. తుడిచి తుడిచి, అసలు ఏం తుడుస్తున్నానో కూడా చూడ్డం మానేశాను."

కిటికీ మీద ముసురు చప్పుడు చేస్తోంది. హుల్డా వెళ్లి అత్తగారి పక్కన బల్ల దగ్గర కూర్చుంది.

"పైన నువ్వడిగావే, దాహం ఎవరిదని," అంది లవీనియా. "నాదేనమ్మాయ్. ఆ ఉయ్యాల ఖాళీగా ఉంటే చూడ్డం నా వల్ల కాలేదు. నీ గదిలో పెట్టి, నీ కోసమే అనుకున్నాను. నీకెలా ఉంటుందో ఆలోచించలేదు. మనసు గురించి పాఠాలు చెప్పేదాన్ని, ఇంట్లో ఉన్న మనసుని చూడలేదు."

"ఆ పాప పేరేమిటి?"

"ఒట్టీలీ." ఆ పేరు ఎన్నాళ్లగానో పలకనట్టు నెమ్మదిగా అంది. "నేను," అంది, ఆగింది. "నేను దుఃఖంలో ఉన్నాను."

అలవాటు కొద్దీ అరచెయ్యి లేచింది. హుల్డా ఆ చేతిని అందుకుని బల్ల మీద ఆనించి, తన చెయ్యి దాని మీద వేసి గట్టిగా పట్టుకుంది. చెయ్యి కదలడానికి చూసింది, తర్వాత మానేసింది. అప్పుడు ఏడుపు వచ్చింది, ముందు పెద్దావిడకి, తర్వాత చిన్నదానికి.

"ఆ కథలో మీరెప్పుడూ చదవని మాటొకటుంది," అంది హుల్డా కాసేపటికి ముక్కు తుడుచుకుంటూ. "గాలీ రాలేదు, వానా రాలేదు, అయినా లోయ నిండిందట. నీళ్లు ఎవరూ చూడని దారిన, ఎదోము దేశం వైపు నుంచి వచ్చాయట. అప్పట్నుంచీ అడగాలనుకుంటున్నాను. ఎదోము అంటే ఏమిటత్తయ్యా?"

లవీనియా కళ్లు తుడుచుకుని ఆలోచించింది. "నాకు తెలీదమ్మాయ్," అంది. ఆ ఇంట్లో ఆ మాట వినడం అదే మొదలు.

సాయంత్రం వెండెల్ వచ్చేసరికి పెట్టె మళ్లీ మంచం కింద ఉంది. రాత్రి భోజనానికి నలుగురూ కూర్చున్నారు. ఉల్లిపాయల పులుసు, మొక్కజొన్న రొట్టె. ఏమోస్ రెండు స్పూన్లు తిని "బాగుంది. తొట్టిలో పెంచిన ఉల్లిపాయలు కదా" అన్నాడు. సంగతంతా ఆయనకి అప్పటికే తెలుసు.

లవీనియా నవ్వింది. స్పూను పక్కన పెట్టి కొడుకు వైపు తిరిగింది.

"వెండెల్, నీ కంటే ముందు నాకో ఆడపిల్ల పుట్టింది. దాని పేరు ఒట్టీలీ. చచ్చిపోయింది."

వెండెల్ మొహం తెల్లబోయింది. తండ్రి వైపు చూశాడు. ఏమోస్ తల వంచుకుని రొట్టె తుంచుతూ ఉన్నాడు, కాని తుంచిన ముక్కలు నోట్లోకి వెళ్లడం లేదు. వెండెల్ అరచెయ్యి దానంతటదే బల్ల మీంచి లేచింది.

తల్లి అతని మణికట్టు పట్టుకుంది.

"తుడవకు నాయనా," అంది. "ఈ ఆదివారం నన్ను దాని దగ్గరికి తీసుకెళ్దువుగాని. అంతకంటే ముందు నీ పెళ్లాం నీకు ట్రాములో ఏదో చెప్పిందట. మళ్లీ చెప్తుంది. ఈసారి చేతులు ఒళ్లో పెట్టుకుని విను."

వెండెల్ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, భార్య వైపు తిరిగాడు.