పక్కోళ్లు ఉన్నరా?

ఉప్పు నేల మీద రాత్రిపూట దీపం కనపడ్తే దాని దిక్కు చూడొద్దంట.

గుజరాత్‌ల కచ్ అని ఉన్నది గదా... దాని కొసకు, సముద్రం నీళ్లు ఎక్కి, ఇంకి, ఎండి, ఎటు చూసినా ఉప్పే మిగిలిన బయలు. చెట్టు లేదు, పుట్ట లేదు, పిట్ట కూత లేదు. పగలు చూస్తే కండ్లు చెదురుతయి. పొద్దుగూకినంక మాత్రం అక్కడ మనిషన్నోడు నిలవడు. ఎందుకంటె — ఆ బయల్ల ఒక దీపం తిరుగుతది. లాంతరు పట్టుకొని ఎవరో నడిచి వస్తున్నట్టే ఉంటదంట. "హమ్మయ్య, మనిషి!" అనుకొని దాని ఎంబడి నాలుగడుగులు వేసినవా... అంతే సంగతి. అది పోతనే ఉంటది, నువ్వు పోతనే ఉంటవు. తెల్లారి చూస్తే ఉప్పు మీద నీ అడుగులు ఉంటయి. నువ్వుండవు.

నేను జూడలే. చూసినోళ్లు చెప్పడానికి మిగల్లే. కానీ జమ్లి పోయొచ్చింది. ఆమె నోటెంట విన్నదే చెప్తున్న, నమ్మితే నమ్ము, లేకుంటె లేదు.

జూలూరుపాడు అవతల, అడివంచు తండాల ఉండే జమ్లికి ఆ ఉప్పు నేల మీద ఏం పని అంటవా? చెప్త, ఆగు.

జమ్లి, హేమ్లి — ఇద్దరిదీ ఒకటే తండా, చిన్ననాటి సోపతి. ఒకే ఏడు పెండ్లిళ్లయినయి, ఇంచుమించు ఒకే ఈడుల ఇద్దరి మొగోళ్లూ పోయిండ్రు. జమ్లికి పిల్లలు లేరు. హేమ్లి ఉన్నది గనుక ఆ సంగతి ఎన్నడూ పెద్దగ యాదికి రాలే. మిరపకాయల కాలం వచ్చిందంటె ఇద్దరూ ఖమ్మం పోయి కోల్డ్ స్టోరేజీల తొడిమెలు తీసేటోళ్లు. ఆ ఘాటుకు హేమ్లి గొంతు ఎప్పుడో బొంగురుపోయింది. నవ్వినా దగ్గినా ఒకటే తీరు.

జమ్లిది నిదానం. పని వదిలినంక చేతుల మంట చల్లారేదాక నీళ్ల కాడనే నిలవడ్తది. బయట ట్రాలీ ఆటో ఏమో బుర్రుబుర్రుమంటుంటది. అప్పుడు హేమ్లి ఆటో రేకు మీద దబదబ రెండు దెబ్బలు కొట్టి అరిచేది — "ఆగుండ్రి! మా జమ్లి రాలే!"

ఆటో ఆయన తిట్టుకుంట ఆగేటోడు. ఆగక ఏం చేస్తడు?

పోయినేడు హేమ్లి మనవడు సెల్‌ఫోన్‌ల ఉప్పు నేల చూపించిండంట. ఇగ ఆమె ఊకోలే. "మన తాతల తాతలు ఎద్దుల మీద ఉప్పు మోసిండ్రంట గదనే. ఆ ఉప్పు పుట్టేకాడికి ఒక్కపారి పోయొద్దాం రా" అన్నది. ఖమ్మంల ప్రభాకర్ అని ఒకాయన బస్సు టూర్లు తిప్పుతడు. ఆయన కాడ ఇద్దరి పేర్లు రాయించిండ్రు. ఆ పొద్దే కొట్లాట కూడ మొదలైంది, కిటికీ సీటు ఎవరిదని. "నాది" అంటె "నాది" అని. నెలరోజులు నడిచింది ఆ పంచాయితి.

వానాకాలంల హేమ్లికి జరం వచ్చింది. దవాఖానాకు తీసుకపోయిండ్రు గానీ మనిషి తిరిగి రాలే.

జమ్లి ఏడ్వలే. ఏడుస్తే పక్కన కూసొని "ఊకోయే" అనేది హేమ్లే. ఇగ ఎవరి ముందట ఏడ్వాలె?

"పెద్దమ్మా, ఆ రెండో సీటు వేరేటోళ్లకు ఇయ్యనా?" అని ప్రభాకర్ ఫోన్ చేసిండు.

"ఇయ్యకు బిడ్డా. అది హేమ్లిది" అన్నది జమ్లి.

గట్ల ఎక్కింది బస్సు. వెనక వరసల కిటికీ కాడ జమ్లి కూసున్నది. పక్క సీటుల హేమ్లి దుప్పటి మడతపెట్టి పెట్టింది. వాళ్ల వెనక ఇగ సామాన్లు, వంట గిన్నెలే.

బస్సు నిండ ఎర్రుపాలెం, మధిర దిక్కు రైతుల కుటుంబాలు. చెడ్డోళ్లు కాదు, మంచోళ్లే. కానీ ఎవరి జంట వాళ్లది, ఎవరి ముచ్చట వాళ్లది. ముందు సీటు సీతారావమ్మ మాత్రం అప్పుడప్పుడు వెనక్కి తిరిగి, "తిన్నావా అమ్మా? పచ్చడి వెయ్యమంటావా?" అని అడిగేది. మళ్లీ ముందుకు తిరిగి పెనిమిటితో మాటల్ల పడేది. జమ్లి కిటికీల నుంచి చూసేది. ఏ వింత కనపడినా "చూడవే" అని పక్కకు తిరిగేది... దుప్పటి ఉండేది.

కచ్‌ల బస్సెక్కిన గైడు మోతీ అక్కడి మనిషి. ఆయన చాయ్ దుకాణమాయనతోటి వాళ్ల భాషల మాట్లాడుతుంటె జమ్లి చెవులు నిక్కినయి. సగం మాటలు తన తండా మాటలే గదా! "హేమ్లీ, ఇన్నవానే?" అని గభాల్న తిరిగింది. ఆ పూట జమ్లికి ముద్ద దిగలే.

ఇగ ప్రభాకర్‌ది ఒక పద్ధతి ఉన్నది. తలలు లెక్కపెడితే ఎప్పుడూ తప్పుతదని, బండి కదిలే ముందు నిలవడి, "పక్కోళ్లు ఉన్నరా?" అని ఒక్క కేక వేస్తడు. ఎవరి పక్కోళ్లను వాళ్లు చూసుకోవాలె. "ఉన్నరు, ఉన్నరు" అంటరు, బండి కదుల్తది. జమ్లి పక్కన ఎవరూ లేరు గనుక ఆమె కాడికి తనే నడిచొచ్చి ఒకపారి చూసి పోయేటోడు.

చివరి రోజు పొద్దు వాలేటప్పటికి ఉప్పు నేల చేరిండ్రు. అది చూసుకొని బండి ఇంటి దారి పట్టాలె. రోడ్డు మీద బస్సు ఆగింది.

"చీకటి పడితే చెక్‌పోస్టు గేటు మూసేస్తరు. జల్దీ చూసి వచ్చేయాలె" అన్నడు ప్రభాకర్.

మోతీ ఆ దీపం సంగతి అప్పుడే చెప్పిండు. హిందీల చెప్పిండు గానీ, నవ్వకుంట చెప్పిండు. "ఒక్కరే దూరం పోవద్దు. దీపం కనపడ్తే దాని దిక్కు నడవొద్దు. కండ్లు మూసుకొని ఉన్నకాడ్నే కూసోండి."

అందరూ ఫొటోలకు ఎగబడ్డరు. జమ్లి మాత్రం నడిచింది. ఆమె కొంగుల హేమ్లి లంగా నుంచి ఊడదీసిన అద్దం బిళ్ల ఒకటి ఉన్నది. దాన్ని ఆ ఉప్పుల పెట్టి రావాలె, అందుకే ఇంత దూరం వచ్చింది. అడుగులు తొక్కని ఉప్పు కావాలనుకున్నది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంట పోయింది. మాటలు వినపడకుంట అయినయి. కాళ్ల కింద ఉప్పు కరకరమనేదొక్కటే సప్పుడు.

ఒకకాడ కూసొని వేలితో గిల్లి, అద్దాన్ని ఉప్పుల నాటింది. "వచ్చినం చూడే" అన్నది. ఒక ఉప్పు రాయి తీసి నాలుక మీద వేసుకున్నది. అప్పుడు వచ్చింది ఏడుపు... వానాకాలం నుంచి రానిదంతా ఒక్కపారే వచ్చింది. ఊకోమనేటోళ్లు లేరు, అది ఆగలే.

తలెత్తేసరికి పొద్దు లేదు.

దూరంగ బస్సు ఎనక ఎర్ర దీపాలు రెండు కదులుతున్నయి.

"ఏయ్! ఆపుండ్రి!" జమ్లి లేచి ఉరికింది. గాలి ఆమె మాటను ఎనక్కే తోసింది. ఎర్ర దీపాలు సన్నగైనయి, ఒక్కటైనయి... ఆరిపోయినయి. సెల్‌ఫోన్ సంచిల ఉన్నది. సంచి బస్సుల ఉన్నది.

బయలంతా పత్తి ఆరబోసిన కల్లం లెక్క తెల్లగ కనపడ్తున్నది. రోడ్డు ఎటున్నదో తెల్వదు. తన అడుగులు వెతుక్కుంట వెనక్కి నడిచి, అద్దం నాటిన కాడికే వచ్చి కూలబడ్డది.

చలికంటె, చీకటికంటె ఆమెను ఒక్క మాట కోసింది. ప్రభాకర్ కేక వేసే ఉంటడు. అందరూ పక్కకు చూసుకొని "ఉన్నరు" అనే ఉంటరు. జమ్లి రాలేదని చెప్పేటోళ్లు ఆ బస్సుల ఒక్కరు లేరు. ఆ మాటకొస్తే ఈ లోకంలనే ఒక్కరు లేరు.

ఎంతసేపు కూసున్నదో...

దీపం కనపడ్డది.

ముందు చుక్క అనుకున్నది. చుక్క అయితె ఊగదు గదా. ఇది ఊగుతున్నది. కుడికి పోయి ఆగింది — మళ్లీ ఎడమకు. ఎవరో లాంతరు పట్టుకొని వెతుకుతున్నట్టే ఉన్నది. అచ్చం మోతీ చెప్పినట్టే.

ఒకటి చెప్పాలె, జమ్లే చెప్పింది నాకు. లేచి నిలవడ్డదంట. "దెయ్యమైతె ఏంది, తోడైతె ఉంటది గదా" అనుకున్నదంట. ఒక అడుగు వేసింది. రెండో అడుగు ఎత్తింది.

కాలి కింద ఏదో కసుక్కున గుచ్చుకున్నది. హేమ్లి అద్దం.

ఆ నొప్పికి తెలివి వచ్చింది. కూసున్నది. కండ్లు గట్టిగ మూసుకున్నది. మోకాళ్లల్ల తల పెట్టుకున్నది.

కర... కర... కర...

ఉప్పు మీద అడుగులు. దగ్గరికొస్తున్నయి. రెప్పల మీద వెలుగు పడ్డది. భుజం మీద చెయ్యి పడ్డది—

"పెద్దమ్మా!"

చెయ్యి వెచ్చగున్నది. కండ్లు తెరిస్తే ప్రభాకర్. పక్కన టార్చిలైటు పట్టుకొని మోతీ.

"దొరికినవు తల్లీ! నా పానం పోయిందనుకో!" అన్నడు ప్రభాకర్. "లైటు తిప్పుతుంటె ఈడ ఏందో తళుక్కుమన్నది. లేకుంటె తెల్లారినా దొరికేదానివి కాదు."

దీపం అంటె ఇదన్నమాట. జమ్లికి నవ్వొచ్చింది, దాని ఎనకనే ఏడుపొచ్చింది. అద్దాన్ని తీసుకోబోయి ఆగింది. ఉండనీయ్ అనుకున్నది. హేమ్లి చూడాలన్నది ఈ నేలనే గదా.

బస్సెక్కంగనే అందరూ లేచి నిలవడ్డరు. సీతారావమ్మ తన శాలువ తీసి జమ్లి భుజాల మీద కప్పింది. "మా కళ్లు పోయాయి తల్లీ, ముందు సీట్లో ఉండి కూడా చూసుకోలేదు" అని చేతులు పట్టుకున్నది. ఆమె పెనిమిటి వెంకటరామారావు ఫ్లాస్కుల చాయ్ పోసిచ్చిండు.

"నాదే తప్పు" అన్నడు ప్రభాకర్. "గేటు మూసేస్తరని ఆగమాగమై నీ కాడికి రాలే. గేటు దాటబోతుంటె ఈ సీతారావమ్మ గారు గనుక కేక వెయ్యకపోతె..."

"నేనా?" అన్నది సీతారావమ్మ. "నేనేం కేక వెయ్యలేదయ్యా. మాగన్నుగా నిద్రలో ఉన్నాను. ఆ చప్పుడుకే ఉలిక్కిపడి లేచాను."

"మరెవరు?"

ఎవరి ముఖాలు వాళ్లు చూసుకున్నరు. నేను కాదంటె నేను కాదన్నరు.

"నా వెనక నుంచే వచ్చిందయ్యా మాట" అన్నది సీతారావమ్మ మెల్లగ. "ఆడమనిషే. బాగా బొంగురు గొంతు. ముందు బస్సు రేకు మీద దబదబ రెండు దెబ్బలు కొట్టింది..."

"అవ్, ఆ సప్పుడు నేనూ విన్న" అన్నడు ప్రభాకర్. "తర్వాత అన్నది గదా — 'ఆగుండ్రి! మా జమ్లి రాలే!' అని."

సీతారావమ్మ వెనక ఉన్నది జమ్లి వరస ఒక్కటే. దాని వెనక సామాన్లు, గిన్నెలు. అందరూ ఆ సీటు దిక్కు చూసిండ్రు. హేమ్లి దుప్పటి మడత మడత లెక్కనే ఉన్నది.

జమ్లి పోయి ఆ దుప్పటిని తీసి కిటికీ పక్క సీటుల పెట్టింది. తను ఇవతలి సీటుల కూసున్నది.

"కిటికీ నీదేలే" అన్నది, చిన్నగ, తండా మాటల్ల.

డ్రైవర్ బండి స్టార్ట్ చేసిండు. ప్రభాకర్ నిలవడి అద్దాల బయట ఆ తెల్లటి బయలును ఒకపారి చూసిండు. గొంతు సవరించుకొని, ఎప్పటి లెక్కనే అడిగిండు.

"పక్కోళ్లు ఉన్నరా?"

ఈ పారి అందరూ పక్కోళ్ల చేతులు తడిమి చూసుకుంటున్నరు.

వెనక నుంచి జమ్లి పలికింది.

"ఉన్నది బిడ్డా. పోనీయ్."