పెయింట్ షాపులో వెనక గోడ

నేను బిగించిన కారు తలుపు వేస్తే చప్పుడే వచ్చేది కాదు. లోపల కూర్చున్నవాళ్ళు తలుపు పడిందని తెలియక సాయంత్రం దాకా ఎదురుచూసేవాళ్ళు. నమ్మకపోతే వాళ్ళనే అడగండి, ఇంకా అందులోనే ఉండొచ్చు.

అలాంటి నేను, మా కార్ల ఫ్యాక్టరీ మూతబడి మ్యూజియం అయ్యాక మొదటిసారి లోపలికెళ్ళి, ఒక పాత కారు తలుపు తీసి వేశాను. అది మూలిగింది.

"ముట్టుకోకూడదని బోర్డుంది. కనపడలేదా?" అంది వెనక నుంచి ఒకమ్మాయి.

"కనపడింది మేడమ్. చదవడమే రాదు."

"తలుపులు తియ్యడం మాత్రం వచ్చా?"

"దీన్ని బిగించిందే నేను. ఇంతలా ఏడుస్తుంటే మీకు వినపడట్లేదా?"

ఆ అమ్మాయి ఓనరుగారి కూతురు. తాత కట్టిన ఫ్యాక్టరీ, తండ్రి మూసిన ఫ్యాక్టరీ, ఇప్పుడు తను దుమ్ము తుడుచుకుంటున్న మ్యూజియం. ఒక్క చూపు చూసిందంటే బ్యాటరీ లేని బండి కూడా స్టార్టవుతుంది. నేనయ్యాను.

ఆ తలుపు బాగుచేశాను. మరుసటి వారం ఇంకో కారు తలుపు వేలాడుతోందని ఫోను. ఆపై వారం మరోటి. చూస్తే, బోల్టుల్ని ఎవరో సైజు కాని స్పానరుతో వదులు చేశారు.

"మేడమ్, మీ మ్యూజియంలో దయ్యముంది. పాపం, దానికి స్పానరు పట్టుకోవడం రాదు."

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. "నేర్పొచ్చుగా దానికి?"

నేర్పాను. బయట వాన, లోపల ఒకే స్పానరు మీద రెండు చేతులు. ఆ వాన మాకోసమే ఎంత పడిందంటే, ఊళ్ళో బస్సులకి తెడ్లు కట్టారు.

"మీ అమ్మగారితో చెప్పు," అంది ఒకరోజు. "ఆవిడ ఊ అంటేనే మన పెళ్ళి. కాదంటే లేదు."

నా నవ్వు అక్కడ ఆగింది. మా నాన్న ఆ ఫ్యాక్టరీలోనే పెయింటరు. మూసేశాక కూడా రోజూ పొద్దున్నే క్యారేజీ పట్టుకుని గేటు దాకా వెళ్ళి, తాళం చూసి, అక్కడే తిని వచ్చేవాడు. ఒకరోజు రాలేదు. మేమే వెళ్ళి తెచ్చుకున్నాం.

"ఆ ఇంటి పిల్లా?" అంది అమ్మ. "సిగ్గులేదురా నీకు? మీ నాన్నని గేటు బయట నిలబెట్టి చంపిన ఇల్లది!"

"ఆ అమ్మాయేం చేసిందే?"

"అదే అడుగుతా. పద." అప్పటికే చెప్పులేసుకుంది.

మ్యూజియం గుమ్మంలోనే మొదలెట్టింది. "ఏమ్మా, కార్లు దాచుకున్నారు, బాగుంది. మనుషుల్నేం చేశారు?"

అమ్మాయి తలదించుకుంది. "రండమ్మా" అని, ఇంకా జనానికి తెరవని పెయింట్ షాపులోకి తీసుకెళ్ళింది.

వెనక గోడంతా రంగు. ఏళ్ళ తరబడి గాల్లో లేచిన తుంపర ఎర్రగా, నీలంగా, పొరలు పొరలుగా గట్టిపడింది. మధ్యలో మాత్రం మనిషంత ఖాళీ, ఒక భుజం కాస్త వంగి. పెయింటరు రోజూ నిలబడిన చోటది. ఆయన వీపు అడ్డుపడి అక్కడ రంగు అంటలేదు.

"మా నాన్న సున్నం కొట్టించమన్నారు. నేను కొట్టనివ్వలేదు," అందా అమ్మాయి. "అది ఎవరి ఆకారమో అప్పుడు తెలియదు. తెలిశాక మీ అబ్బాయికి చూపించే ధైర్యం లేకపోయింది."

అమ్మ వెళ్ళి ఆ ఖాళీని ఆనుకుని నిలబడింది. తల సరిగ్గా దాని భుజం దాకా వచ్చింది.

"పెళ్ళినాడూ ఆయన భుజం దాకే ఉన్నా," అంది. "ఒరేయ్, మీ నాన్న గేటు బయట లేడురా. ఇక్కడే ఉన్నాడు, డ్యూటీలో."

నోరు విప్పితే కోతలు కోసే నేను, గోడ మీది ఆ వంగిన భుజాన్ని చేత్తో తడిమాను.

అమ్మాయి మెల్లగా దగ్గరికొచ్చింది. "మరి... మీరు ఊ అంటే..."

"నన్నొక్కదాన్నే అడుగుతావేం? ఆయన్నీ అడుగు."

అమ్మాయి గోడకెదురుగా నిలబడింది. "మావయ్యా..." అంది. అదీ తనకే వినపడనంత నెమ్మదిగా.

అమ్మ అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. "గట్టిగా చెప్పమ్మా. ఆ మెషీన్ల మోతకి ఆయనకి చెముడొచ్చింది."