కత్తెర పడని ఎదురుచూపు

కాకినాడ హాల్లో ఆట మొదలై గంటన్నర దాటింది. బొమ్మ ఇంకా ఆడుతూనే ఉంది. నాలుగో వరసలో కూర్చున్న థానాసిస్ వర్దాకిస్‌కి నమ్మబుద్ధి కాలేదు.

గ్రీసు దేశంలో ఆయన పెద్ద దర్శకుడు. పేరుకి పెద్ద. పొగమంచు, రేవు, నడిచిపోయే మనుషులు, తెంపు లేకుండా సాగే దృశ్యాలు, అదీ ఆయన పద్ధతి. బహుమతులిచ్చారు, ఆయన మీద పుస్తకాలు రాశారు. ఆ తర్వాత ప్రపంచంలోని హాళ్లన్నిటిలోకీ విసుగుమాపిని వచ్చిపడింది. కుర్చీలో ఉండి ప్రేక్షకుడి ఊపిరినీ కంటిపాపనీ చదివే యంత్రం అది. సగం మందికి విసుగు పుడితే చాలు, నడుస్తున్న దృశ్యాన్ని అక్కడికక్కడ తెంపి ముందుకు దూకిస్తుంది. జనం సుఖపడ్డారు. ఆయన రెండు గంటల సినిమా ఏథెన్స్‌లో పావుగంటకే చాప చుట్టేసింది. ఇదే ఆయన ఆఖరి సినిమా. ఒక్కసారైనా జనం మధ్య కూర్చుని పూర్తిగా చూడాలని దేశదేశాలూ తిరిగాడు. ఎక్కడా ఆడలేదు. మిగిలింది ఈ ఊరే.

తెర మీద చివరి దృశ్యం వచ్చింది. ఏ హాలూ దీన్ని చూడలేదు. రేవులో ఒక ముసలావిడ స్టూలు వేసుకుని పడవ కోసం చూస్తోంది. అంతే, చూస్తోంది. థానాసిస్ పిడికిళ్లు బిగించాడు.

"ఎవరి కోసమంటావే ఆ మామ్మ?" వెనకనుంచి ఒకావిడ అడిగింది.

"మొగుడి కోసమే. రాగానే దులిపేసేలా లేదూ ఆ మొహం!" పక్కావిడ అంది.

"మొగుడికైతే అంత మంచి శాలువా ఎందుకండీ?" మూలనుంచి ఒక మగగొంతు లేచింది.

"నీ కోసమైతే గోనెసంచి చాల్లే, కూర్చో!" అతని పెళ్లాం అంటించింది.

హాలంతా గొల్లుమంది. చెవిలో పెట్టుకున్న చెవిదుబాసి యంత్రం ఆ మాటలన్నీ గ్రీకులో చెబుతుంటే థానాసిస్‌కి ఒళ్లు మండింది. ఒకప్పుడు దగ్గినవాణ్ణి బయటికి పంపించిన మనిషాయన.

"నోళ్లు ముయ్యమనండి," అన్నాడు పక్కనున్న హాలు యజమానురాలు నూకరత్నంతో. ఆవిడ చెవిలోనూ ఒక దుబాసి ఉంది.

"ఊరుకోండి తానాసుగారూ. ఆళ్లు నోరు మూస్తే విసుగు పుడతాదండి. అప్పుడు మిషను ఊరుకోదు."

నిజమే. ఒక్కరికీ విసుగు లేదు. బొమ్మతో మాట్లాడే జనం ఉంటారని యంత్రం చేసిన మేధావులకి తట్టలేదు. వాళ్ల చదువులు అలాంటివి.

పడవ వచ్చింది. ఎవరూ దిగలేదు. ముసలావిడ లేచి వెళ్లిపోయింది. సినిమా అయిపోయింది, పూర్తిగా. థానాసిస్ కళ్లు తుడుచుకున్నాడు.

"అన్యాయం! వన్స్ మోర్!" ఈలలు, చప్పట్లు. నచ్చింది మళ్లీ వేయించుకోవడం ఈ ఊరి పాత అలవాటు. కానీ విసుగుమాపినికి ముందుకే తప్ప వెనక్కి పోవడం రాదు.

నూకరత్నం స్టూలు పట్టుకుని తెర ముందుకెళ్లింది. తలమీద కొంగు కప్పుకుని కూర్చుంది.

"చూస్తారేటండీ తానాసుగారూ? పడవ మీరే. మెల్లిగా రండి!"

జన్మలో నటించని మనిషి, మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కాడు. పొట్ట ముందుకు పెట్టి, "భోం" అంటూ పడవ కూత కూసి కదిలాడు. హాలు గప్‌చుప్ అయిపోయింది. అడిగి, అరిచి, జీవితమంతా సాధించలేని ఆ నిశ్శబ్దం దానంతటదే వచ్చింది.

రేవు చేరాడు. నూకరత్నం లేచి వెళ్లిపోవాలి. ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఇంతసేపా రావడం? అన్నం చల్లారిపోయింది. దిగండి!"

కథలో లేని మాట. హాలంతా ఆయన వైపే చూస్తోంది. థానాసిస్ ఆగి, పకపకా నవ్వి, లేని అంచు మీదుగా కాలెత్తి జాగ్రత్తగా దిగాడు. ఆయన సినిమాల్లో పడవలోంచి మనిషి దిగడం అదే మొదలు.